కోడుమూరు అధ్యక్షులవారి ఎడమ చెవి

మా ఆయన దావీదురాజుకు ఆ ఎండాకాలం దాకా రెండు పదవులుండేవి. ఒకటి కడుపు నింపేది, ఇంకొకటి ఛాతీ నింపేది. మొదటిది బోరు మోటార్ల మెకానిక్కు పని. రెండవది ఒకానొక సినీ కథానాయకుని అభిమాన సంఘానికి కోడుమూరు మండల అధ్యక్షత. ఆ కథానాయకుని పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆయన అభిమానులు ఈ కథను ఒక కంటితోను, ఆయన పోటీదారుని అభిమానులు ఇంకొక కంటితోను చదువుతారు. రెండు కళ్ళతో చదివేవారు ఎవరూ మిగలరు.

ఇరవై రెండేళ్ళు ఆయన ఆ పీఠం మీద నిరాటంకంగా కొనసాగాడు. అంతకాలం ఏలిన రాజులు ఈ సీమలో తక్కువ. హీరోగారి పుట్టినరోజున రక్తదానం, కొత్త బొమ్మ విడుదలయిన పొద్దున మొదటి ఆటకు మొదటి టికెట్టు, షెడ్డులో రాగితీగ చుట్టలకు పైన నిలువెత్తు పటం. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా చర్చికి కార్యదర్శిని కూడా. చదువుకున్నదాన్ని కాబట్టి నా మొగుని భక్తిని ఆ ఇరవై రెండేళ్ళూ శాస్త్రోక్తంగా ఎగతాళి చేశాను. ఆయనను చిన్నబుచ్చే హక్కు భూమ్మీద నాకొక్కదానికే రిజిస్టరయి ఉందని నా నమ్మకం.

ఇక ఆయన ఎడమ చెవి గురించి. బోరు పైపు మీద ఆ చెవి ఆనించి, కళ్ళు మూసుకొని, అర నిమిషంలో తీర్పు చెప్పేవాడు. "బేరింగు పోయిండాది." "నీళ్ళు కిందికి దిగినాయి, ఇంకో రెండు పైపులు దించండి." "ఇది సచ్చిన బోరు, వదిలేయండి." మూడు నాలుగు వందల అడుగుల లోతున జరిగే సంగతులు ఆయనకు పక్కింటి మాటల్లా వినిపించేవి. కుడి చెవికి ఆ విద్య లేదు. అది కేవలం నా మాటలు వినడానికి పుట్టింది.

ఆ సంవత్సరం శ్రమదినాల్లో, అంటే ఈస్టరుకు ముందు మా వాళ్ళు మాంసమూ వేడుకలూ మానుకునే రోజుల్లో, కర్నూలు శివార్లలో అభిమాన మహాసమ్మేళనం తలపెట్టారు. మా అయ్యగారు, అంటే చర్చి పాస్టరుగారు, ముఖం చిట్లించారు. అధ్యక్షులవారు నా దగ్గరికి వచ్చి, గోడ వైపు చూస్తూ విన్నవించుకున్నారు.

"బ్యానరు మీద మహిళా విభాగం అని రాయించినా, జ్యోతీ. ఒక్కరన్నా కూర్చోకపోతే ఏం బాగుంటాది?"

"మహిళా విభాగంలో ఎంతమంది ఉన్నారు?"

"నువ్వొస్తే ఒకరు."

ఆ విధంగా నేను మహిళా విభాగాన్నయి కర్నూలుకు వెళ్ళాను.

ఇక్కడ ఒక సంప్రదాయం చెప్పాలి. ఆ హీరోగారి తొలి చిత్రం వందరోజులు ఆడిన ఊళ్ళు రాష్ట్రంలో నాలుగేనట, అందులో మాదొకటి. మా జిల్లాలో ఇంకొకటి లేదు. అందుచేత జిల్లాలో ఏ సమ్మేళనం జరిగినా తొలిమాల వేసే హక్కు కోడుమూరుది. ఆ హక్కును మా వాళ్ళు నీటి వాటా కంటే భద్రంగా కాపాడుకుంటూ వచ్చారు. ఆనాడు మా ఆయన తెల్లచొక్కా వేసుకొని, చామంతిమాలను తడిగుడ్డలో చుట్టి, బస్సులో రెండు గంటలు ఒడిలో పసిబిడ్డలా పెట్టుకొని కూర్చున్నాడు.

మైదానంలో నల్లబనియన్లు తొడిగిన బౌన్సర్లు వేదిక చుట్టూ కోటగోడలా నిలిచి ఉన్నారు. మేఘాలవంటివారు అందామంటే మా ప్రాంతంలో మేఘాలకు మంచి పేరుంది. వాళ్ళ మెడలకు కొలత లేదు. తలలు తిన్నగా భుజాల మీదే కూర్చున్నాయి. అప్పటికే ఇద్దరు కుర్రవాళ్ళు హీరోగారి కాళ్ళమీద పడి, వాటిని వదలక, ఆయన తూలేటట్టు చేశారు. ఆ తర్వాత గోడకు మరింత కోపం వచ్చింది. "వంగొద్దు! ఎవరూ వంగొద్దు!" అని అరుస్తూ ఉన్నారు.

మైకులో పిలుపు వచ్చింది. "తొలిమాల వేయడానికి, కోడుమూరు అధ్యక్షులు శ్రీ దావీదురాజు గారు!"

ఆయన లేచాడు. వేదిక మెట్ల దాకా నిటారుగా నడిచాడు. మెట్టు దగ్గర ఆగి, మాలను ఎడమచేతిలోకి మార్చుకొని, చెప్పులు విప్పుకోవడానికి వంగాడు.

చిన్నప్పటి నుంచి చర్చి గడప బయట చెప్పులు విడిచినవాళ్ళం. ఎత్తయిన తావు ఏది కనబడినా మా చేయి చెప్పుల మీదికి పోతుంది. ఆయనకు అది ఆలోచన కాదు, అలవాటు. ఎదురుగా నిలబడిన బౌన్సరుకు మాత్రం హీరోగారి కాళ్ళ మీదికి దూకబోతున్న మూడో మనిషి కనిపించాడు.

చప్పుడు మహిళా విభాగానికి వినిపించింది. అరచేయి పూర్తిగా విప్పి, ఎడమ చెవి మీద. తర్వాత ఇద్దరు వచ్చి ఆయనను చంకల కింద పట్టి ఎత్తి బారికేడ్ అవతలికి విసిరారు. మాల మెట్టు మీద పడింది. మా జిల్లా అధ్యక్షుడు సుధీర్ దాన్ని తీసి, దుమ్ము దులిపి, తానే హీరోగారి మెడలో వేశాడు. హీరోగారు మా వైపు చేయి ఊపారు. మా వైపున్న వెయ్యిమందీ అది తమకేనని కేకలు పెట్టారు.

నేను కుర్చీల మధ్య నుంచి ఎట్లా వెళ్ళానో నాకు తెలియదు. కొట్టినవాని నల్లకళ్ళద్దాలు జారి ఉన్నాయి. ఎడమ కనుబొమను మధ్యకు చీల్చి కత్తితో గీసిన గీత ఉంది, ఫ్యాషనుకు. "మేడమ్, ఎనక్కి! వంగొద్దని చెప్పినాం గదా!" అన్నాడు, వంగినది నేనన్నట్టు.

మా ఆయన మట్టిలో కూర్చొని ఉన్నాడు. "జ్యోతీ, నా చెప్పులు యాడ పోయినాయి?" అన్నాడు. తల విదిలించి, "ఎవురో ఈల ఏస్తాండారు, ఆపమను" అన్నాడు.

ఆ మైదానంలో ఈలలు వేయనివారు లేరు. కానీ మేము ఇల్లు చేరి, తలుపు వేసుకొన్నాక కూడా ఆయన అదే మాట అన్నాడు.

*

చెవి డాక్టరు దీపం పెట్టి చూసి, లోపలి పొరకు చిల్లు పడిందన్నాడు. మూడు నెలలు నీళ్ళు తగలనీయకుండా చూసుకోవాలి, మూసుకుంటే మూసుకుంటుంది. పోలీసు స్టేషనులో రైటరు సానుభూతితో విన్నాడు.

"ఎవురమ్మా కొట్టింది?"

"బౌన్సరు."

"యా బౌన్సరు? అందరివీ నల్లబనియన్లే గదా. పేరు తెండి, రాసుకుంటా."

నేరస్థుని పేరు పట్టి తేవలసిన భారం దెబ్బతిన్నవారిదేనని నాకు అంతవరకు తెలియదు. ఎంత చదివినా లోకంలో ఏదో ఒకటి మిగిలే ఉంటుంది.

సాయంత్రం సుధీర్ ఫోను చేశాడు. "వదినా, ఇది బయట పెట్టుకుంటే హీరోగారి ప్రతిష్ఠ ఏం కావాల? అన్నకు హీరోగారితో ఫొటో ఇప్పిస్తా. పక్కపక్కన నిలబెట్టి."

"ఏ చెవి వైపు నిలబెడతావు నాయనా?" అని అడిగాను. ఫోను పెట్టేశాడు.

ఆ వారంలోనే ఆయన గాలిలో తేలి బారికేడ్ దాటే దృశ్యానికి ఎవరో పాట జతచేసి ఊరిమీద వదిలారు. మా ఎనిమిదవ తరగతి పిల్లలు ఒక ఫోను చుట్టూ మూగి నవ్వుతున్నారు. నేను లోపలికి రాగానే నవ్వు ఆపారు. నవ్వినందుకు కాదు, ఆపినందుకు నాకు ఒళ్ళు మండింది. వాళ్ళకు నామీద జాలి కలిగింది. ముప్ఫై ఆరుమంది పిల్లలు ఒకేసారి జాలిపడితే ఆ గదిలో నిలబడి సంధులు చెప్పడం సులువు కాదు.

అయినా నేను ఓర్చుకునేదాన్నేమో, లక్ష్మన్న టమోటా తోట లేకపోతే.

లక్ష్మన్న మాకు ఇరవై ఏళ్ళ నుంచి తెలిసిన రైతు. బోరు నీళ్ళు సన్నగిల్లాయని పిలిస్తే, ఆ ఆదివారం చర్చి అయినాక మా ఆయన తన బండి మీద నన్నూ ఎక్కించుకొని పోయాడు. పైపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చొని ఎడమ చెవి ఆనించాడు. అర నిమిషం. నిమిషం. తల ఎత్తి కుడి చెవి ఆనించాడు. మళ్ళీ ఎడమది. లక్ష్మన్న టవలుతో విసురుకుంటూ ఎదురు చూస్తున్నాడు.

"నీళ్ళుండాయి" అన్నాడు మా ఆయన చివరికి. "ఏయప్పా మోటారు."

నీళ్ళు లేవు. మోటారు ఒట్టిగా తిరిగి, కాసేపటికి కాలిన వాసన వచ్చింది. ముగ్గురమూ ఆ వాసన పీలుస్తూ నిలబడ్డాం.

"పోనీలే రాజన్నా" అన్నాడు లక్ష్మన్న. "ఎండలు అట్లుండాయి. ఎవురికి మాత్రం తెలుస్తాది?"

ఆయనకు తెలిసేది. ఆ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

మరునాడు నేను బడి నుంచి వచ్చేసరికి షెడ్డు గోడ మీద నిలువెత్తు పటం లేదు. దాని చోట సున్నం తెల్లగా, నిలువుగా మిగిలింది. ఆయన కింద కూర్చొని లక్ష్మన్న మోటారుకు కొత్త తీగ చుడుతున్నాడు. ఇరవై రెండేళ్ళు ఆ పటం తీసేయమని సతాయించినదాన్ని, ఆ పొద్దు చీపురు తెచ్చి గోడ కింద రాలిన సున్నం ఊడ్చాను.

పురాణాల్లోని ఆడవాళ్ళయితే అటువంటి వేళ జడ విప్పి శపథం చేసేవారు. నేను హాజరుపట్టీ మూసి, కడపలో నర్సింగు చదువుతున్న మా అమ్మాయి హర్షిణికి ఫోను చేశాను. "కనుబొమ మీద గీత ఉన్నవాడు. నాకు పేరు కావాలి."

రెండు వారాలు పట్టింది. కడపలోని ఒక వ్యాయామశాలవాళ్ళు, తమ వీరులు ఏ ఏ సభలకు కాపలా కాశారో గర్వంగా ఫొటోలు పెట్టుకున్నారు. కర్నూలు సమ్మేళనం ఫొటోలో నల్లబనియన్ల కింద పేర్లు కూడా రాసి ఉన్నాయి. హర్షిణి గీత ఉన్న ముఖం చుట్టూ ఎర్రగా సున్న చుట్టి పంపింది. జయకుమార్, కమలాపురం.

పేరు పట్టుకొని స్టేషనుకు పోవలసిందే. పోదామని చీర కూడా మార్చుకున్నాను. అంతలో యేసుప్రసాదుగారి ఇంటి నుంచి ఒక కవరు వచ్చింది.

*

యేసుప్రసాదుగారు మా చర్చి సంఘంలో పెద్దమనిషి. ఆయన కూతురు స్తుతి పదవ తరగతిలో నా శిష్యురాలు. ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. ఈస్టరు దాటిన తర్వాత పెండ్లి పెట్టుకున్నారు. మా చర్చిలో పెండ్లి కావాలంటే ముందు మూడు ఆదివారాలు పేర్లు చదివి, ఎవరికైనా అభ్యంతరముంటే చెప్పమని సంఘాన్ని అడగాలి. అయ్యగారు ఒక్క ఆదివారంలో ఐదు ఊళ్ళ చర్చిలు చూసుకోవాలి గనుక మా ఊళ్ళో ఆ ప్రకటనలు చదివే పని కార్యదర్శిది, అంటే నాది.

కవరులో పెండ్లికూతురి వివరాలు, పెండ్లికొడుకు వివరాలు, కమలాపురం అయ్యగారి ఉత్తరం, రెండు ఫొటోలు ఉన్నాయి. రెండవ ఫొటోలో కళ్ళద్దాలు లేవు. గీత ఉంది.

మా వాళ్ళు రెండు జిల్లాల్లోనూ కొద్దిమందే. ఎవరిని కదిలించినా మూడో మాటకు చుట్టరికం తేలుతుంది. కాబట్టి ఇందులో అద్భుతమేమీ లేదు. దేవుడు నా శత్రువును నా చేతికి అప్పగించాడని కూడా అనను. ఆ మాట దేవునికి మర్యాద కాదు. అయితే పాస్‌పోర్టు సైజులో అప్పగించాడు.

నేను చీర మళ్ళీ మార్చుకున్నాను.

ఆ ఆదివారం మొదటి ప్రకటన చదివాను. నా జీవితంలో అంత స్పష్టంగా ఏ పాఠమూ చదవలేదు. "కమలాపురం కాపురస్థుడు జయకుమారునికిని, ఈ సంఘ సభ్యురాలు స్తుతికిని వివాహము నిశ్చయమైనది. దీనికి అడ్డు చెప్పదగిన కారణము ఎరిగినవారు ఎవరైనను ఉంటే సంఘము ఎదుట చెప్పవలెను. ఇది మొదటి ప్రకటన." ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎప్పుడూ ఎవరూ చెప్పరు. ఆ ప్రశ్న తర్వాత దగ్గడానికి కూడా మా వాళ్ళు భయపడతారు.

సోమవారం కమలాపురానికి ఒక రిజిస్టర్డు ఉత్తరం పంపాను. అందులోని భాష గురించి గొప్పలు చెప్పుకోను గానీ, పోస్టుమాస్టరు కవరు మీద చిరునామా చదివే వణికాడు. సారాంశం ఇది: ఫలానా రోజున ఫలానా వేదిక మెట్లయొద్ద తమరు నా భర్తను చెవి మీద కొట్టితిరి. మూడవ ప్రకటన నాడు నేను చదవవలసినది చదివి, పిమ్మట అభ్యంతరము నేనే చెప్పుదును. పదిమంది ఎదుట చేసిన తప్పును పదిమంది ఎదుట ఒప్పుకొనినచో చెప్పను.

చెంపదెబ్బ పెండ్లికి అడ్డంకి కాదని నాకు తెలుసు. ముందే పెండ్లయి ఉండాలి, లేదా వరసకాని వరస కావాలి, లేదా వయసు చాలకుండాలి. కానీ అభ్యంతరం ఏదైనా సరే, ఒకసారి లేచిందంటే విచారణ జరగాలి. విచారణకు పెద్ద అయ్యగారు కూర్చోవాలి. పెద్ద అయ్యగారు ఎండాకాలమంతా చల్లని ఊళ్ళో మహాసభల్లో ఉంటారు. ఆయన తిరిగి వచ్చేసరికి పందిళ్ళు, వంటవాళ్ళు, చుట్టాలు, అన్నీ దండగయిపోతాయి. నియమాలు చదివినదాని పగ ఎట్లా ఉంటుందో తెలియాలంటే నియమాలు చదవాలి.

రెండవ ప్రకటన కూడా చదివాను. బుధవారం పట్టపగలు, తలుపు దగ్గర పెద్దావిడ ఒకతె నిలబడింది. పెండ్లికొడుకు తల్లి రాహేలమ్మ. చేతిలో నా ఉత్తరం చెమటకు మెత్తబడి ఉంది.

"ఏందమ్మా ఇది? నా కొడుకు పెండ్లి నిలబెడతావంట?"

"కూర్చోక్కా. నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు. వాని పని అది గదా తల్లీ. ఆ పొద్దు తెల్లారినప్పట్నించి ఎండలో నిలబెట్టినారంట. మొదట వంగినోన్ని కొడితే మిగతావోళ్ళు ఆగుతారని చెప్పినారంట వాళ్ళకు. వాడు సొంతంగా కొట్టినాడా?"

"సొంత చేత్తోనే కొట్టినాడక్కా."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "సరే, తప్పే. రేపు తీసుకొస్తా. ఈ ఇంట్లోనే ఆయప్ప కాళ్ళు పట్టుకుంటాడు."

"కాళ్ళు పట్టుకోవడం ఆపేందుకే కదా మీవాణ్ణి పెట్టుకున్నది. రాని పని ఎందుకు చేయించడం? కొట్టింది ఇంట్లో కాదు. అందరి ముందర. చెప్పేది కూడా అందరి ముందర."

"పెండ్లికొడుకు చర్చిలో తల వంచితే పిల్ల తరపోళ్ళు ఏమనుకుంటారమ్మా?"

"అది వాళ్ళిష్టం."

రాహేలమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. చదువు లేని మనిషి. చూపు మాత్రం చదువుకున్నది. "టీచరమ్మా, ఒకటి అడుగుతా. నీకు మొగుని చెవి నొప్పా, నీ పరువు నొప్పా?"

"రెండూ ఒక ఇంట్లోనే ఉంటాయక్కా" అన్నాను. జవాబు బాగుందనే అనుకున్నాను. కానీ ఆమె వద్దన్న నీళ్ళు నేనే తాగాను.

మా ఆయన వాకిట్లో మోటారు విప్పుకుంటూ అంతా విన్నాడో లేదో తెలియదు. ఆమె గడప దిగగానే లేచి చేతులు తుడుచుకున్నాడు. "ముసలామెను ఈ ఎండలో నడిపిస్తాండావా? రామ్మా, బస్టాండు కాడ దించుతా." శత్రువు తల్లి మా బండి వెనక కూర్చొని, పడకుండా మా ఆయన భుజం పట్టుకొని వెళ్ళిపోయింది. ఇంత మెత్తని మనిషి తరఫున యుద్ధం చేయడం ఎంత కష్టమో చరిత్రలో ఏ సేనాధిపతీ ఎరగడు.

తిరిగి వచ్చి, "వద్దులే జ్యోతీ, ఇడిసిపెట్టు" అన్నాడు.

"నీకు కొట్టించుకునే హక్కుంటే నాకు అడిగే హక్కుంది" అన్నాను. ఆయన మళ్ళీ మోటారు ముందు కూర్చున్నాడు.

శుక్రవారం బడి గేటు దగ్గర స్తుతి నిలబడి ఉంది. నేను భయపడినది ఆమెకే. పద్యం ఒప్పజెప్పేటప్పుడు తప్పుపోతే తానే చేయి చాచి బెత్తం అడిగిన పిల్ల.

"టీచర్, మీరు నిజంగా లేస్తారా?"

"లేస్తాను."

"నా పెండ్లి అని తెలిసి కూడా?"

"తెలిసే."

ఆమె కాసేపు సంచి తాడును వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. బతిమాలుతుందనుకున్నాను. బతిమాలితే నేను ఏమయ్యేదాన్నో నాకు తెలియదు.

"లేయండి టీచర్" అంది. "ఆయనతో ఫోన్లో ఆర్నెల్లు మాట్లాడినా. అన్నీ మంచి మాటలే. తప్పు చేసినాక మనిషి ఎట్లుంటాడో ఫోన్లో ఎట్ల తెలుస్తాది? ఆయన ఏం చేస్తాడో నేను గూడా సూడాల."

*

మూడవ ఆదివారం చర్చి నిండింది. మా ఊళ్ళో రహస్యాలు దాచిపెట్టడం అందరికీ చేతనవును, ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పి. కిటికీల్లో కూడా తలలున్నాయి. మగవాళ్ళ వైపు రెండవ వరసలో మా ఆయన, నడుమ దారి పక్కన. అదే వైపు వెనక జయకుమార్, తెల్లచొక్కాలో. చేతుల దగ్గర కుట్లు బిగిసి ఉన్నాయి. కనుబొమ మీద గీతలో వెంట్రుకలు పెరిగి సగం పూడింది. నల్లబనియను లేకపోతే ఇరవై ఆరేళ్ళ పిల్లవాడు. నా దగ్గర చదివి ఉంటే వెనక బెంచీలో కూర్చోబెట్టి ఉండేదాన్ని.

నేను లేచి కాగితం తెరిచాను. పేర్లు చదివాను. ఊళ్ళు చదివాను. "అడ్డు చెప్పదగిన కారణము ఎరిగినవారు ఎవరైనను ఉంటే సంఘము ఎదుట చెప్పవలెను" అని చదివి, ఆగాను.

మొదటి రెండు వారాలు అక్కడ ఒక శ్వాస మేరకు ఆగాను. ఈసారి కాగితం మడిచాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాను. పైన పంకా కిర్రుమంటోంది. యేసుప్రసాదుగారు నేల చూపులు చూస్తున్నారు. ఆడవాళ్ళ వైపు స్తుతి తల ఎత్తి, నన్ను కాదు, వెనక వరసను చూస్తోంది. రాహేలమ్మ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, నన్ను తిడుతోందో. నేను కళ్ళద్దాలు పెట్టుకొని, చెప్పవలసిన మొదటి మాట కోసం నోరు తెరిచాను.

బెంచీ జరిగిన చప్పుడయింది. జయకుమార్ లేచాడు. నడుమ దారిలో ముందుకు వచ్చి మా ఆయన దగ్గర ఆగాడు. నిలబడితే ఆయన మీద నీడ పడుతోందని తెలిసి కాబోలు, కాస్త వంగాడు.

"తప్పయింది మామా" అన్నాడు. నాకు పెదవులు కదలడం కనిపించింది గానీ మాట వినిపించలేదు.

మా ఆయన తల తిప్పాడు. కుడి వైపుకు తిప్పి, ఎడమ చెవిని వాని నోటికి చూపించాడు. "ఆఁ? ఏమంటాండావప్పా? ఇనపడల్యా."

జయకుమార్ గొంతు సవరించుకున్నాడు. "ఆ పొద్దు కొట్టినందుకు తప్పయింది మామా." ఈసారి ముందు వరసలకు వినిపించింది.

"ఈ చెవి పోయింది గదప్పా" అన్నాడు మా ఆయన, ఎంతో మర్యాదగా, అదే చెవిని ఇంకొంచెం ముందుకు పెట్టి. "లోపల ఈల ఏస్తాంటాది. గెట్టిగా జెప్పు."

పిల్లవాని మెడ నరాలు ఉబ్బాయి. తల్లి వైపు చూశాడు. స్తుతి వైపు చూశాడు. తర్వాత ఊపిరి నిండా పీల్చి, సమ్మేళనంలో మైకు లేకుండా వేల మందిని వెనక్కి నెట్టిన ఆ గొంతుతో అరిచాడు.

"నేను దావీదురాజు మామను కొట్టినా! ఆయన చెప్పులు ఇడుస్తాంటే నాకు తెలీక కొట్టినా! తప్పు నాది!"

కిటికీల్లోని తలలు వెనక్కి జరిగాయి. రోడ్డు అవతల టీ అంగడి దగ్గర మాటలు ఆగిపోవడం లోపలికి వినిపించింది.

"ఆఁ" అన్నాడు మా ఆయన. "ఇప్పుడు ఇనపడింది. పో, పోయి కూకో."

నేను కాగితం విప్పాను. అక్షరాలు కాసేపు కనబడలేదు. "ఇది మూడవ ప్రకటన" అన్నాను. "అభ్యంతరము ఎవరూ తెలుపలేదు." అందరి ముందర నా మొగుడు పడ్డాడు, అందరి ముందర వాడు లేచాడు, లెక్క సరిపోయిందనుకున్నాను. కానీ నాలో ఎక్కడో ఒక మూల, చెప్పకుండా మిగిలిన అభ్యంతరం అరగని ముద్దలా కూర్చొని ఉంది. అంత ముచ్చటగా తయారు చేసుకున్న ప్రసంగం అది. నాలుగు సమాసాలు, రెండు ఉపమానాలు.

ఆరాధన అయినాక వాకిట్లో స్తుతి నా పక్కన నడిచింది. "మూడోసారికి చెప్పినాడు టీచర్" అంది. సంతోషమో, ఫిర్యాదో తేల్చుకోలేకపోయాను. తేల్చుకోవలసింది ఆమె. తేల్చుకునే పెండ్లి చేసుకుంది, భోజనాలకు మేమూ వెళ్ళాం, కూర బాగా ఉడికింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం నడిచే ఇంటికి వచ్చాం. ఎండ నేల మీద నుంచి పైకి కొడుతోంది. ఆయన నా ఎడమ వైపున, అంటే తన కుడి చెవి నాకు దగ్గరగా ఉండేటట్టు నడుస్తున్నాడు. ఆ కుడి చెవి సామర్థ్యం నాకు తెలుసు. నేను వంటింట్లో గొణిగిన మాటలకు ఆయన వాకిట్లో నుంచి జవాబు చెప్పగలడు.

"నిజం చెప్పు" అన్నాను. "వాని మాట నీకు ఎన్నోసారికి వినిపించింది?"

"మొదటితూరే."

నేను నడక ఆపాను. నెలన్నర నుంచి ఈ మెత్తని మనిషి తరఫున నేను పగ మోస్తున్నానని, ఆయనకు అది చేతకాదని అనుకుంటూ వచ్చాను. "మరి మూడుసార్లు ఎందుకు అడిగినావు?"

ఆయన కూడా ఆగాడు. చర్చిలో చదివేటప్పుడు నేను పెట్టే ముఖం లాంటి ముఖమే పెట్టి, నిదానంగా చెప్పాడు.

"పెండ్లి ప్రకటన మూడుతూర్లు చదువుతావు గదా టీచరమ్మా. తప్పు ప్రకటన ఒక్కతూరే చాలునా?"